టైమ్ ఎంతైంది అని కాదు... ఎంత మిగిలింది అని!

బెంగళూరులో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్లు తక్కువ. "మారతహళ్లి నుంచి జాలహళ్లి ఎంత దూరం?" అని అడిగి చూడండి. "శనివారం పొద్దున్నే బయల్దేరితే గంట. శుక్రవారం సాయంత్రమైతే ఇక దేవుడి దయ" అంటారు. ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న నాలాంటి తెలుగువాళ్లందరికీ ఈ లెక్క అలవాటే. విమానం నడిపేవాళ్ల లెక్క కూడా ఇదేనని ఎంతమందికి తెలుసు? వాళ్లకూ దూరమంటే టైమే. మన లెక్క తప్పితే ఓ మీటింగ్ పోతుంది. వాళ్ల లెక్క తప్పితే ప్రాణాలు పోతాయి.

ఈ సంగతి వివరంగా తెలుసుకోవడానికి బెంగళూరు కన్నా మంచి ఊరు మన దగ్గర్లో లేదు. ఊరికి ఓ చివర జాలహళ్లిలో హెచ్‌ఎంటీ మ్యూజియం ఉంది. ఇంకో చివర పాత ఎయిర్‌పోర్టు రోడ్డు దగ్గర హెచ్‌ఏఎల్ మ్యూజియం ఉంది. మొదటిది వాచీలు చేసిన కంపెనీది, రెండోది విమానాలు చేసే కంపెనీది. రెండూ ఒకే శనివారం చుట్టేద్దామని బయల్దేరాం. తోడు మా రూమ్మేట్ వాళ్ల అన్నయ్య. తెనాలి వాళ్లు. ఒక ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్, ఎయిర్‌బస్ ఏ320 నడుపుతాడు. నాకూ అన్నే.

పైలట్ అంటే చేతికి చక్రమంత వాచీ ఉంటుందని కదా మన ఊహ. ఈయన చేతికి మామూలు కాసియో ఉంది.

"ఏంటన్నా ఇది?" అన్నాను.

"టైమ్ చూపిస్తోందిగా. ఇంకేం కావాలి?" అన్నాడు.

అలకపాన్పు వాచీ

జాలహళ్లి మ్యూజియంలోకి అడుగు పెడితే అమ్మమ్మ వాళ్లింట్లో బీరువా తెరిచినట్టుంటుంది. జనతా, కోహినూర్, సోనా, కాంచన్... ఒక్కో పేరు వెనకా ఒక్కో పెళ్లి ఉంటుంది. అలకపాన్పు ఎక్కిన అల్లుడు సైకిలో, రేడియోనో, లేదంటే హెచ్‌ఎంటీ వాచీయో ఇస్తేగానీ దిగని రోజులవి. 1953లో యంత్రాలు తయారు చేయడానికి పుట్టిన హిందుస్థాన్ మెషీన్ టూల్స్, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో వాచీలు మొదలుపెట్టింది. తొలి వాచీలను విడుదల చేసింది నెహ్రూ. 'దేశానికి టైమ్ చెప్పేవాళ్లం' అన్నది వాళ్ల నినాదం. క్వార్ట్జ్ కాలంలో వెనకబడి, నష్టాలు పెరిగి, చివరికి 2016లో వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది.

ఆ వరసలో ఒక వాచీ పేరు 'పైలట్'. నల్ల డయల్, తెల్లటి అంకెలు, మధ్యలో పొడుగాటి సెకన్ల ముల్లు. బ్యాటరీ లేదు, రోజూ కీ ఇవ్వాలి. తేదీ చూపించదు. పాత వాచీలు సేకరించే కుర్రాళ్లు ఇప్పటికీ దీని కోసం వెతుకుతుంటారు.

"దీని డిజైన్‌లోనే పాఠం ఉంది చూడు" అన్నాడు అన్న. "నలుపు మీద తెలుపు. ఎండ మొహాన కొడుతున్నా, కాక్‌పిట్ ఊగిపోతున్నా ఒక్క చూపులో తెలియాలి. రెండోసారి చూసే తీరిక ఉండదు."

అసలు వాచీ జేబులోంచి చేతి మీదికి రావడంలో విమానాలకూ ఓ పాత్ర ఉంది. బ్రెజిల్‌కు చెందిన ఆల్బెర్టో శాంటోస్ డ్యూమాంట్ 1900ల తొలినాళ్లలో పారిస్‌లో గాల్లో ఎగిరే ప్రయోగాలు చేసేవాడు. రెండు చేతులూ కంట్రోల్స్ మీద ఉంటే జేబులో గొలుసు వాచీ తీసేదెలా? ఆయన తిప్పలు విని స్నేహితుడు లూయీ కార్టియే చేతికి కట్టుకునే వాచీ చేసిచ్చాడు. ఆ మోడల్ ఇప్పటికీ 'శాంటోస్' పేరుతోనే అమ్ముడవుతోంది. తర్వాత 1950ల్లో పైలట్ల కోసం లెక్కలు కట్టే స్కేలున్న వాచీలు, ఒకేసారి రెండు దేశాల టైమ్ చూపించే వాచీలు వచ్చాయి. లక్షలు పోసి కొనే నేటి 'పైలట్ వాచీ'ల వంశం అదే.

1961 ఇంకో కథ

అక్కడి నుంచి హెచ్‌ఏఎల్ మ్యూజియానికి ఊరు అడ్డంగా దాటాలి. మెట్రో, క్యాబ్ మార్చి మార్చి చేరుకున్నాం. ఆరుబయట చెట్ల మధ్య విమానాలు ఆగి ఉంటాయి. పిల్లలు రెక్కల కింద దాక్కుంటారు, పెళ్లికి ముందు ఫొటోషూట్లకు వచ్చినట్టు జంటలు సెల్ఫీలు దిగుతుంటాయి.

ఇక్కడ చూడాల్సింది హెచ్‌ఎఫ్-24 మారుత్. మన దేశం సొంతంగా తయారు చేసుకున్న తొలి జెట్ యుద్ధవిమానం. జర్మన్ ఇంజినీరు కుర్ట్ టాంక్ నాయకత్వంలో డిజైన్ చేశారు. మొదటిసారి గాల్లోకి లేచింది ఎప్పుడో తెలుసా? 1961 జూన్‌లో, ఈ ఊళ్లోనే. ఒకే ఊరు, ఒకే ఏడాది. ఒకవైపు జనం చేతికి వాచీ, ఇంకోవైపు ఆకాశంలోకి జెట్.

మిగ్-21 దగ్గర అన్న ఎక్కువసేపు ఆగాడు. 1963లో మన వాయుసేనలోకి వచ్చి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న విమానం. ఆ తరం సోవియట్ యుద్ధవిమానాల కాక్‌పిట్‌లో ఏసీహెచ్‌ఎస్-1 అనే గడియారం ఉండేది. పూర్తిగా మెకానికల్, చేత్తో కీ ఇవ్వాల్సిందే. ఒకే ముఖం మీద మూడు గడియారాలన్నమాట. పెద్ద ముళ్లు మామూలు టైమ్ చెబుతాయి. పైనున్న చిన్న డయల్ గాల్లోకి లేచి ఎంతసేపైందో చెబుతుంది. కింది డయల్ స్టాప్‌వాచ్.

"ధ్వని వేగాన్ని మించిపోయే విమానంలో కీ ఇచ్చే గడియారమా?" అని నవ్వాను.

"కరెంటు మొత్తం పోయినా అది తిరుగుతుంది. అది చాలదా?" అన్నాడు. "ఇంకోటి చూడు. మూడింట్లో రెండు డయల్స్ 'ఇప్పుడు టైమెంత' అని చెప్పవు. 'ఎంతసేపైంది' అని చెబుతాయి. పైలట్‌కి కావాల్సింది అదే. ఎంతసేపైందో తెలిస్తే ఎంత దూరం వచ్చామో, ఎంత ఇంధనం మిగిలిందో తెలుస్తుంది."

జులూ అంటే గ్రీనిచ్ టైమ్

క్యాంటీన్‌లో కాఫీ తాగుతూ అన్న ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించాడు. బెంగళూరు విమానాశ్రయం వాతావరణ రిపోర్టు. 'వీఓబీఎల్ 120330జెడ్' అని మొదలైంది. వీఓబీఎల్ అంటే బెంగళూరు ఎయిర్‌పోర్టు కోడ్. మన శంషాబాద్‌ది వీఓహెచ్‌ఎస్. 12 తేదీ. 0330 టైమ్. చివరి జెడ్‌ను రేడియోలో 'జులూ' అంటారు. లండన్‌లోని గ్రీనిచ్ మీదుగా పోయే సున్నా రేఖాంశం టైమ్, అంటే యూటీసీ అని అర్థం. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైమ్ ఉదయం తొమ్మిది.

ప్రపంచంలో ఏ విమానమైనా ఫ్లైట్ ప్లాన్, వాతావరణం, హెచ్చరికలు అన్నీ యూటీసీలోనే నడుస్తాయి. హైదరాబాద్‌లో 15వ తేదీ అర్ధరాత్రి దాటాక 12:30కి లేచే విమానానికి, పైలట్ కాగితాల్లో ఇంకా 14వ తేదీ రాత్రి ఏడు గంటలే. సర్వర్లు నడిపే మాకిది కొత్త కాదు. మా లాగ్స్ కూడా యూటీసీలోనే ఉంటాయి. హైదరాబాద్‌లో ఒకడు, డాలస్‌లో ఒకడు కూర్చుని ఒకే సమస్య వెతుకుతున్నప్పుడు 'ఏ తొమ్మిది గంటలు?' అనే గొడవ రాకూడదు కదా. ఆకాశంలో ఆ గొడవ అసలే రాకూడదు.

ఏ320 కాక్‌పిట్‌లో గడియారం మన అరచేతి కన్నా చిన్నది. అందులో మూడు విండోలు. ఒకటి యూటీసీ, ఒకటి ఫ్లైట్ మొదలై గడిచిన సమయం, ఒకటి స్టాప్‌వాచ్. సోవియట్ వాళ్ల మూడు డయల్సే డిజిటల్ అయ్యాయనుకోండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లోనూ విమానంలో గంటలు, నిమిషాలు, సెకన్లు చూపించే కచ్చితమైన గడియారం తప్పనిసరి. సెకన్లు ఎందుకంటారా?

చక్కర్ల లెక్క

విమానాశ్రయం రద్దీగా ఉంటే మన విమానాన్ని పైన ఆపుతారు. బస్సులా నిలబెట్టడం కుదరదు కాబట్టి గుడ్డు ఆకారంలో తిప్పుతారు. దాన్ని 'హోల్డింగ్' అంటారు. ప్రామాణిక మలుపు సెకనుకు మూడు డిగ్రీలు. అంటే వెనక్కి తిరగడానికి ఒక నిమిషం. తర్వాత నేరుగా ఒక నిమిషం, మళ్లీ మలుపు ఒక నిమిషం, మళ్లీ నేరుగా ఒక నిమిషం. 14 వేల అడుగుల పైన ఉంటే నేరుగా వెళ్లేది నిమిషంన్నర. మొత్తం చక్కరు నాలుగైదు నిమిషాలు. ఇది గడియారం చూసి గీసే బొమ్మ. మేఘాల్లో కిటికీ అవతల ఏమీ కనపడకపోయినా, దిక్సూచి, స్టాప్‌వాచ్ ఉంటే పైలట్ ఈ బొమ్మ గీయగలడు. ఇప్పుడు కంప్యూటరే తిప్పేస్తుంది. అయినా ట్రైనింగ్‌లో చేత్తో నేర్పిస్తారు.

సముద్రం మీద లెక్క ఇంకా పెద్దది. నడిసముద్రంలో రాడార్ అందదు. అందుకే ఒకే దారిలో, ఒకే ఎత్తులో వెళ్లే రెండు విమానాల మధ్య ఎడాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో పెట్టారు. ఉత్తర అట్లాంటిక్ మీద ఎన్నో ఏళ్లు ఆ ఎడం పది నిమిషాలు. గంటకు 900 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 15 కిలోమీటర్లు. పది నిమిషాలంటే 150. ఒక విమానంలో గడియారం రెండు నిమిషాలు తప్పు చూపిస్తే 30 కిలోమీటర్ల ఎడం కాగితం మీద ఉంటుంది, ఆకాశంలో ఉండదు. అందుకే ఆ గగనతలంలోకి వెళ్లే ముందు గడియారాన్ని యూటీసీతో సరిచూసుకోవడం నిబంధన. ఇప్పుడు ఉపగ్రహాల ద్వారా విమానాలు తామెక్కడున్నాయో చెబుతున్నాయి కాబట్టి ఎడం తగ్గింది. సరిచూసుకోవడం మాత్రం పోలేదు.

గడియారం ఉంది, చూసినవాళ్లు లేరు

ఇక్కడ అన్న కాసేపు ఆగి ఒక కథ చెప్పాడు. పైలట్ ట్రైనింగ్‌లో అందరూ చదివే కథ.

1978 డిసెంబరు 28. అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 173. డెన్వర్ నుంచి పోర్ట్‌లాండ్ వచ్చిన డీసీ-8 విమానం, 189 మంది. దిగబోతూ చక్రాలు దించగానే పెద్ద శబ్దం వచ్చింది. చక్రాలు సరిగ్గా బిగుసుకున్నాయో లేదో తెలియలేదు. దాన్ని తేల్చుకోవడానికి, ప్రయాణికుల్ని సిద్ధం చేయడానికి విమానం దాదాపు గంటసేపు ఊరి దగ్గర చక్కర్లు కొట్టింది. ఇంధనం తగ్గుతోందన్న మాట కాక్‌పిట్‌లో వినిపించింది. కానీ కెప్టెన్ మనసంతా చక్రాల మీదే ఉంది. చివరికి ఇంజన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఎయిర్‌పోర్టుకు కొన్ని మైళ్ల దూరంలో చెట్ల మధ్య కూలింది. పదిమంది చనిపోయారు.

ఆ కాక్‌పిట్‌లో ముగ్గురున్నారు. గడియారమూ ఉంది. టైమ్ ఎంతైందో అందరికీ తెలుసు. ఎంత మిగిలిందో ఎవరూ గట్టిగా చెప్పలేదు. దర్యాప్తు తర్వాత, కాక్‌పిట్‌లో ఎవరైనా సరే పై అధికారికి సందేహం చెప్పగలగాలి, ఒక్క సమస్యలో అందరూ మునిగిపోకూడదు అనే శిక్షణ మొదలైంది. ఇప్పుడు ప్రపంచంలో ప్రతి ఎయిర్‌లైన్ పైలట్‌కీ అది తప్పనిసరి.

"మేం హోల్డింగ్‌లోకి వెళ్లగానే మొదట తేల్చుకునేది ఒకటే" అన్నాడు అన్న. "ఏ నిమిషానికి ఇక్కడి నుంచి కదలాలి? ఆ నిమిషం దాటాక బతిమాలడాలు లేవు, వేరే ఊరికి వెళ్లిపోవడమే. ఆ టైమ్ రాసుకుంటాం. ఇద్దరికీ కనపడేలా."

సాఫ్ట్‌వేర్ టైమ్ మరిచిపోతే

ఇదంతా విన్నాక నాలో ఇంజినీరు ఊరుకోలేదు. ఇప్పుడు అంతా కంప్యూటరే చూసుకుంటోంది కదా, గడియారం గోల ఎందుకు అన్నాను. నిజానికి దీనికి జవాబు మా ఫీల్డ్‌లోనే ఉంది.

2015లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ బోయింగ్ 787 విషయంలో ఒక ఆదేశం ఇచ్చింది. కరెంటు ఆపకుండా 248 రోజులు అలాగే ఉంచితే, జనరేటర్లను నడిపే కంట్రోల్ యూనిట్లలో ఒక కౌంటర్ నిండిపోయి, అన్నీ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉందని. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెట్టే 32 బిట్ల సైన్డ్ కౌంటర్ దాదాపు 248 రోజులకు నిండుతుంది. కోడ్ రాసేవాళ్లకు ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్న ఇది! మందు కూడా మనకు తెలిసిందే, ఆపి మళ్లీ ఆన్ చేయడం. 2017లో ఎయిర్‌బస్ ఏ350కి కూడా యూరప్ సంస్థ అలాంటి ఆదేశమే ఇచ్చింది. అక్కడ హద్దు 149 గంటలు. తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేశారు. పాఠం మాత్రం మిగిలింది. గడియారం గోడ మీద లేకపోయినా, ప్రతి కంప్యూటర్ లోపలా ఒకటి తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి వేరే. ఆధునిక విమానం గడియారం టైమ్ తీసుకునేది జీపీఎస్ ఉపగ్రహాల నుంచి. వాటిలో పరమాణు గడియారాలుంటాయి. సెకనులో వందకోట్లో వంతు తేడా వస్తే నేల మీద 30 సెంటీమీటర్లు తప్పుతుంది. అంత కచ్చితం. కానీ ఎవరో నేల మీద నుంచి దొంగ సిగ్నల్ పంపితే? దాన్ని 'స్పూఫింగ్' అంటారు. యుద్ధాలు జరిగే ప్రాంతాల్లో ఇది మామూలైపోయింది. విమానం ఉన్నచోట కాకుండా ఇంకెక్కడో ఉన్నట్టు చూపిస్తుంది. కొన్నిసార్లు టైమ్ కూడా మారిపోతుంది. ఒక విమానంలో గడియారాలు ఏకంగా కొన్నేళ్లు ముందుకు దూకాయని, వాటిని సరిచేసేదాకా అది వారాల తరబడి నేల మీదే ఉండిపోయిందని 2024లో ఒక సైబర్ భద్రతా నిపుణుడు వెల్లడించారు.

మన దగ్గరా ఉంది. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి మధ్య సరిహద్దు ప్రాంతాల్లో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్మూ వైపు, ఇలాంటివి 465 నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది.

"అప్పుడేం చేస్తారన్నా?"

"గడియారానికి పక్కన చిన్న స్విచ్ ఉంటుంది. జీపీఎస్ వద్దనుకుంటే లోపలున్న సొంత గడియారానికి మార్చొచ్చు. కానీ ముందు టైమ్ తప్పిందని తెలియాలి కదా?" అంటూ చేతి కాసియో చూపించాడు. "దీనికి ఏ ఉపగ్రహంతోనూ సంబంధం లేదు. దీన్ని ఎవడూ మోసం చెయ్యలేడు."

పదహారు వందల రూపాయల వాచీ ఖరీదు నాకు అప్పుడు అర్థమైంది.

మా సిస్టమ్స్‌లోనూ ఇదే సూత్రం. ఒకే చోటు నుంచి వచ్చే సమాచారాన్ని నాలుగు స్క్రీన్ల మీద చూస్తే అది నాలుగు సాక్ష్యాలు కాదు, ఒకటే. ఇంకో దారిలో వచ్చిన చిన్న సాక్ష్యం దానికన్నా విలువైనది. మనదైన గడియారం ఉండాలన్న ఆలోచన దేశానికీ వచ్చింది. మన నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహంలో విదేశాల నుంచి తెచ్చిన పరమాణు గడియారాలు మూడూ పాడయ్యాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మొదటిసారి మనం తయారు చేసిన రుబీడియం గడియారం పెట్టారు. జాలహళ్లిలో కీ ఇచ్చే వాచీతో మొదలైన దేశం, శ్రీహరికోట తీరం నుంచి సొంత పరమాణు గడియారాన్ని పైకి పంపింది.

వెళ్లాలనుకుంటే

రెండు మ్యూజియాలూ ఒకే రోజు చూడొచ్చు. పొద్దున్నే జాలహళ్లితో మొదలుపెట్టండి. గ్రీన్ లైన్ మెట్రోలో అటువైపు వెళ్లి అక్కడి నుంచి ఆటో ఎక్కొచ్చు. మధ్యాహ్నం భోజనం చేసి హెచ్‌ఏఎల్ వైపు రండి. ఆరుబయట విమానాలకు సాయంత్రం వెలుతురు బాగుంటుంది, ఎండా తగ్గుతుంది. సెలవులు, వేళలు బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ఒకసారి చూసుకోండి. ఇంట్లో తాతగారి హెచ్‌ఎంటీ ఉంటే కట్టుకెళ్లండి. ముందు రోజు రాత్రి కీ ఇవ్వడం మర్చిపోవద్దు.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్తున్నప్పుడు మీ విమానం శంషాబాద్ పైనో, గన్నవరం పైనో చక్కర్లు కొడుతుంటే విసుక్కోకండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి ఒక చక్కరు ఎన్ని నిమిషాలో లెక్కపెట్టండి. ముందు తలుపు వెనక కూర్చున్న ఇద్దరు కూడా అప్పుడు అదే పనిలో ఉంటారు. ఎంతసేపైంది, ఇంకెంతసేపు ఉండొచ్చు అని.